డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు లేని బండికి డిజిటల్ మీటర్: ఎవరైనా పెట్టారా?

వశిష్ఠ_ఒడ్డు (పాలకొల్లు)

అందరికీ నమస్కారం అండి. బండి 2016 డీజిల్ హ్యాచ్‌బ్యాక్, బీఎస్4, తిరిగింది 94 వేల కిలోమీటర్లు. ఇంట్లో ఐదుగురం, ఉన్నది ఇదొక్కటే కారు. డాష్‌బోర్డులో టెంపరేచర్ ముల్లు లేదు. ఇంజిన్ చల్లగా ఉంటే నీలం లైటు, ఉడికిపోతే ఎర్ర లైటు. ఆ రెంటికీ మధ్య ఏం జరుగుతోందో దేవుడికే తెలియాలి.

భోగి రోజు మండపేటలో మా అత్తగారింటికి బయలుదేరాం. రావులపాలెం దగ్గర పండగ ట్రాఫిక్కు, అరగంటైనా బండి కదల్లేదు. ఎర్ర లైటు వెలగడమూ బానెట్ సందుల్లోంచి ఆవిరి రావడమూ ఒకేసారి జరిగాయి. పిల్ల ఏడుపు, మా ఆవిడ మౌనం, మా నాన్నగారు కండువా తీసి బానెట్‌కి విసరడం. అరటిపళ్ళ కొట్టాయన ఒక బిందెడు నీళ్ళిచ్చి పుణ్యం కట్టుకున్నాడు. చూస్తే రేడియేటర్ పై గొట్టం క్లిప్ దగ్గర చీలింది.

పండగయ్యాక మెకానిక్కు గొట్టం మార్చి, కూలెంట్ పోసి, "ఈ బండి ఇంక ఈ జన్మలో వేడెక్కదండి, నాదీ పూచీ" అన్నాడు. బాగానే ఉంది. కానీ ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు. నాన్నగారు టీకి ఆగిన ప్రతిచోటా బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తున్నారు.

అందుకే ఇంజిన్ వేడి, బ్యాటరీ వోల్టేజీ అంకెల్లో చూపించే చిన్న మీటరు పెట్టిద్దామని. ఏ రకం తీసుకోవాలి? కరెంటు ఎక్కణ్ణుంచి? సొంతంగా బిగించుకోవచ్చా?

ఏపీ37_డీజిల్

రెండు రకాలున్నాయండి. ఒకటి విడిగా సెన్సరు బిగించేది: గొట్టం కోసి మధ్యలో ముక్క పెట్టాలి. పాత బండ్లకి అదే గతి. రెండోది స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టులో, అంటే మెకానిక్కులు బండి కంప్యూటరుని చదివే సాకెట్‌లో, గుచ్చేది. మన దేశంలో ఓబీడీ 2 నిబంధన 2013 ఏప్రిల్ నుంచి ఉంది, మీది 2016 కాబట్టి రెండోదే. బండిలో ఉన్న సెన్సర్ల అంకెలే అది చదివి చూపిస్తుంది, కొత్తగా ఏమీ కొలవదు.

కొనేముందు కుడి మోకాలి దగ్గర వంగి, టార్చి వేసి పోర్టు చూడండి. 16 గదులుంటాయి. 6, 14 గదుల్లో ఇత్తడి పిన్‌లు మెరుస్తుంటే బండి కంప్యూటరు మీటరుతో మాట్లాడేది క్యాన్ పద్ధతిలో, అంకెలు చకచకా మారతాయి. 7లో మాత్రమే ఉంటే కే-లైన్ అనే పాత పద్ధతి. పని చేస్తుంది గానీ కాస్త నిదానం. దానికి పనికొచ్చే మీటరో కాదో అడిగి కొనాలి.

అమలాపురం_టీచర్

ఇంత హడావిడి ఎందుకండీ? నేను చిన్న బ్లూటూత్ అడాప్టర్ కొని ఫోన్‌లో యాప్ పెట్టుకున్నా. పెట్రోల్ బండి, రోజూ స్కూలుకి 18 కిలోమీటర్లు. అన్నీ కనిపిస్తాయి. ఒక్కటే ఇబ్బంది, ఫోన్ వస్తే మీటరు మాయం. మొదట్లో వారం చూశాను, తర్వాత అడాప్టర్ డ్యాష్‌బోర్డు అరలో పడేశాను.

రొయ్యల_చెరువు

నాకు కారు గురించి తెలిసింది తక్కువ. చెరువుకి ఆక్సిజన్ మీటరు కొన్నప్పుడు మాత్రం ఒకటి తెలిసింది. తెల్లవారుజామున ఆ అంకె 4 కంటే తగ్గితే నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల దగ్గరికి పరిగెత్తాలని అందరూ చెప్తారు. కానీ మన చెరువు రోజూ ఎంత చూపిస్తుందో రాసుకున్నవాడికే ఇవాళ తేడా కొట్టిందని ముందుగా తెలుస్తుంది. మీటరు పెట్టాక ఓ వారం అంకెలు పుస్తకంలో రాయండి. ఆయ్.

వోల్టు_మీటర్ (తణుకు)

పదిహేనేళ్ళుగా వైరింగ్ పని చేస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి.

బ్లూటూత్ అడాప్టర్లలో ఎక్కువ భాగం ఈఎల్ఎం 327 చిప్పుకి నకళ్ళు. కొన్ని బాగానే ఉంటాయి, కొన్నింటికి సగం ఆదేశాలు అర్థం కావు. కలవడం, తెగడం, మళ్ళీ కలవడం. ఇంటిల్లిపాదీ తిరిగే బండికి వైరున్న మీటరే నయం.

ఇప్పుడు అసలు సంగతి. ఓబీడీ పోర్టులో 16వ పిన్ నేరుగా బ్యాటరీ ప్లస్. తాళం తీసినా అందులో 12 వోల్టులుంటాయి. 4, 5 పిన్‌లు ఎర్త్. మీటరు స్క్రీన్ ఆరిపోయింది కదా అని కరెంటు ఆగిందనుకోకండి. కొన్ని నిద్రపోయినా తాగుతూనే ఉంటాయి. 100 మిల్లీఆంప్ అనుకుందాం. రోజుకి 2.4 ఏహెచ్ (ఆంపియర్ అవర్). 35 ఏహెచ్ బ్యాటరీ రెండు వారాల్లో ఖాళీ. సెల్ఫ్ కొట్టాలంటే సగమైనా ఉండాలి కాబట్టి వారానికే మొరాయిస్తుంది. బ్యాటరీ పాతదైతే ఇంకా ముందే.

దీనికి మందు: ఓబీడీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి కొని, ఆ కేబుల్‌లో 16వ పిన్ వైరు మాత్రం కోసి, మీటరు వైపు కొసని ఫ్యూజ్ ట్యాప్ (ఫ్యూజ్ గదిలో గుచ్చి ఇంకో వైరుకి కరెంటు తీసుకునే ముక్క) ద్వారా తాళం తిప్పితేనే వచ్చే కరెంటుకి కలపండి. రెండో కొసకి టేపు చుట్టి మూసేయండి. కోసేది కేబుల్‌ని, కారు వైరుని కాదు. ట్యాప్‌లో 2 ఆంప్ ఫ్యూజ్ చాలు. ఏ ఫ్యూజ్ అన్నది టెస్ట్ ల్యాంప్ పెట్టి చూసుకోండి: తాళం తీస్తే ఆరాలి, తిప్పితే వెలగాలి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ అని రాసున్న వాటి జోలికి వెళ్ళొద్దు.

వైరు ఎటు తీసుకెళ్ళాలన్నది ఇంకో ముఖ్యమైన విషయం. పోర్టు పెడళ్ళ పైనే ఉంటుంది. కేబుల్ జారి క్లచ్ కిందకో బ్రేకు కిందకో వెళ్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ప్రతి జానెడుకీ ఒక జిప్ టై. ఎయిర్‌బ్యాగ్ మూత మీద మీటరు అంటించొద్దు, పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే అటువైపు వైరు తోయొద్దు.

మన ఏరియాకి ఇంకో బెడద ఎలుకలు. కోతలయ్యాక చేలల్లోంచి ఇళ్ళ మీద పడతాయి. వైరుని బానెట్‌లోకి తీసుకెళ్ళకుండా మొత్తం లోపలే ముగించండి.

ఏపీ37_డీజిల్

పై పోస్టు ప్రింటు తీసి పెట్టుకోండి. నేను చేర్చేది ఒక్కటే. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సరు గాలిలో తేలుతుంది, అప్పుడు అంకె తక్కువగా కూడా చూపించొచ్చు. మీటరు ఉంది కదా అని వారానికోసారి రిజర్వు డబ్బా చూడటం మానొద్దు.

ఇంకోటి, అరటిపళ్ళ కొట్టాయన నీళ్ళు ఎక్కడివి? బోరువైతే రేడియేటర్ మొత్తం కడిగించారా? మన సముద్రం వైపు బోరు నీళ్ళల్లో ఉప్పు సంగతి తెలుసు కదా.

వశిష్ఠ_ఒడ్డు

కడిగించానండి. పోర్టు కూడా చూశాను, 6, 14లో ఇత్తడి ఉంది. మీటరు ఆర్డర్ పెట్టేశా.

వశిష్ఠ_ఒడ్డు

(మూడు వారాల తర్వాత)

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ చెప్పాలి.

మీటరు వచ్చిన రోజు ఆత్రం ఆగలేదు. నేరుగా పోర్టులో గుచ్చేసి, ఫ్యూజ్ ట్యాప్ సంగతి ఆదివారం చూద్దాంలే అనుకున్నా. ఇంతలో పెళ్ళి పని మీద హైదరాబాద్ రైలెక్కాం. పది రోజుల తర్వాత ఇంటికొచ్చి తాళం తిప్పితే టక్ టక్ మని చప్పుడు, అంతే. మీటరు మాత్రం దర్జాగా వెలిగి 10.9 వోల్టులు అని చూపించింది. తన చావు కబురు తనే చెప్పినట్టు. బ్యాటరీ మూడేళ్ళది, రాత్రంతా ఛార్జింగ్ పెడితే బతికింది. మల్టీమీటరు పెట్టి చూస్తే మీటరు స్క్రీన్ ఆరిపోయాక కూడా 110 మిల్లీఆంప్ లాగుతోంది.

ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజ్ ఎంచుకున్నా, తాళం తీస్తే ఆరుతోంది. ఎక్స్‌టెన్షన్ కేబుల్ పైతొడుగు బ్లేడుతో నిలువుగా చీరితే లోపల జుట్టు లాంటి వైర్లు. ఏది 16వ పిన్‌దో రంగు చూసి నమ్మలేదు, మల్టీమీటరు బీప్ పెట్టి ఒక్కొక్కటే తేల్చుకున్నా. మా అమ్మాయి టార్చి పట్టుకుంది. కొసలు మెలేసి, సోల్డర్ పెట్టి, వేడికి కుంచించుకునే గొట్టం తొడిగా. మీటరు స్టీరింగ్ వెనక, స్పీడోకి ఎడమ పక్కన అంటించాను. పెడళ్ళ పైన ఏడు జిప్ టైలు. క్లచ్, బ్రేకు యాభై సార్లు తొక్కి చూశాను, ఎక్కడా తగల్లేదు.

మొత్తం మూడు గంటలు. వోల్టు_మీటర్ గారూ, మీకు ఒక కేజీ కాజాలు బాకీ.

రాత్రి మార్టేరు నుంచి కాలవ గట్టు మీద వస్తుంటే మాత్రం స్క్రీన్ వెలుగు అద్దంలో పడి చిరాకు పెట్టింది. లైట్లు లేని రోడ్డు, ఎదురుగా గేదెలు. బ్రైట్‌నెస్ అట్టడుక్కి దించాను, ఇప్పుడు ఫర్వాలేదు.

ఇక శుభవార్త. బండి సూపర్ కండిషన్‌లో ఉంది. నిన్న సిద్ధాంతం నుంచి రాజమండ్రి వరకూ హైవే మీద 80 స్పీడులో వెళ్తే 66, 67, 68 డిగ్రీలు. అంతకు మించి పైకి వెళ్ళలేదు! ట్రాఫిక్‌లో ఆగితే 80 దాకా వచ్చి, కదిలితే మళ్ళీ దిగిపోతోంది. అంత చల్లగా ఉంది.

రొయ్యల_చెరువు

కాజాలు తాపేశ్వరంవేనా? నేను కూడా సలహా ఇచ్చాను, గుర్తుంచుకోండి.

ఏపీ37_డీజిల్

అయ్యా, అది శుభవార్త కాదు. ఇంజిన్ వేడెక్కాక హైవే మీద 85కి అటూ ఇటూ నిలకడగా ఉండాలి. థర్మోస్టాట్ వాల్వ్ సాధారణంగా 82, 88 మధ్య తెరుచుకుంటుంది. అప్పటిదాకా రేడియేటర్‌లోకి నీళ్ళు పోనివ్వదు. స్పీడు పెరిగితే 66కి పడిపోతోందంటే వాల్వ్ తెరుచుకునే ఉండిపోయింది, లేదా అసలు వాల్వే లేదు.

ఒక మాట అడుగుతాను. పొద్దున స్టార్ట్ చేశాక నీలం లైటు ఎంతసేపుంటోంది?

వశిష్ఠ_ఒడ్డు

ఇది అడిగేదాకా నాకు తట్టలేదండి. పండగకి ముందు మా వీధి చివరకి వచ్చేసరికి ఆరిపోయేది. ఇప్పుడు ఊరు దాటినా ఉంటోంది. మైలేజీ కూడా ఒకటీ ఒకటిన్నర తగ్గింది, డీజిల్ బంకు మీద అనుమానపడ్డాను పాపం.

"లేదు" అంటే? వాల్వ్ లేకపోవడం ఏమిటి?

పాత_అంబాసిడర్ (నరసాపురం)

తీసేసి ఉంటాడు బాబూ. దానికంత గాభరా ఎందుకు? మా రోజుల్లో కారు కొన్న మొదటి సర్వీసులోనే పీకించేవాళ్ళం. అంబాసిడర్లు, జీపులు, లారీలు అన్నిటికీ అంతే. మన ఎండలకి ఇంజిన్‌ని వేడి చేసే వాల్వ్ ఎందుకు? నా బండి లక్షా ఎనభై వేలు తిరిగింది అలాగే.

వోల్టు_మీటర్ (తణుకు)

పెద్దవారు, మీ అనుభవాన్ని కాదనను. ఆ బండ్లలో కార్బురేటరు, మామూలు పంపు. ఇందులో ఎంత డీజిల్ చిమ్మాలో కంప్యూటరు లెక్కేస్తుంది, ఆ లెక్కలో కూలెంట్ వేడి కూడా ఒకటి. 66 చూపిస్తే ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనే అనుకుంటుంది. ఆయిల్ కూడా పూర్తిగా వేడెక్కదు, లోపల చెమ్మ ఎగిరిపోదు.

ఏపీ37_డీజిల్

ఇంకో తిరకాసు ఉంది. కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వ్‌కి అడుగున ఇంకో బిళ్ళ ఉంటుంది. వాల్వ్ తెరుచుకున్నప్పుడు ఆ బిళ్ళ బైపాస్ దారి మూసేస్తుంది. మొత్తం పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొంత నీరు రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగొచ్చేస్తుంది. మామూలు రోడ్డు మీద చల్లగా, ఘాట్ ఎక్కితే సలసలా. వేడెక్కకూడదని పీకిన వాల్వే వేడెక్కిస్తుందన్నమాట.

వశిష్ఠ గారూ, విప్పించక ముందు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. తెల్లారి చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యాను, బెల్టుల జోలికి పోకుండా రేడియేటర్ పై గొట్టం మీద చెయ్యి వేసి ఉంచండి. వాల్వ్ ఉంటే మీటరు 80 దాటేదాకా గొట్టం దాదాపు చల్లగానే ఉండి, ఆపైన చప్పున వేడెక్కుతుంది. లేకపోతే మొదట్నుంచీ మీటరుతోపాటే గోరువెచ్చబడుతుంది. మూత మాత్రం వేడి మీద తియ్యొద్దు. మీటర్లో కోడ్లు చదివే మెనూ ఉంటే పీ0128 ఉందేమో చూడండి, కూలెంట్ ఉండాల్సినంత వేడెక్కట్లేదని దానర్థం.

వశిష్ఠ_ఒడ్డు

పొద్దున ఐదున్నరకి చేశాను. స్టార్ట్ చేసేటప్పుడు 24. మా అమ్మాయి లోపల కూర్చుని అంకెలు చదువుతుంటే నేను గొట్టం పట్టుకున్నా. "ముప్ఫై ఐదు" అన్నప్పుడే కాస్త తెలిసింది. "నలభై రెండు" అనేసరికి గొట్టం గోరువెచ్చన. యాభై దగ్గర నిజంగా వెచ్చన. చప్పున వేడెక్కడం లేదూ ఏమీ లేదు. కోడ్లు మాత్రం ఏవీ లేవు.

మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. గొడవ పడలేదు, మంచివాడే. "గొట్టం మార్చినప్పుడు వాల్వ్ తీశావా?" అంటే, ఏ మాత్రం తడుముకోకుండా "తీసేశానండి, మన ఎండలకి ఎందుకండీ అది, అందరికీ తీసేస్తాను. ఇంక వేడెక్కదని అందుకే కదా పూచీ ఇచ్చాను" అన్నాడు. ఆ పూచీ వెనక ఇంత కథ ఉందని నాకేం తెలుసు. తీసిన వాల్వ్ ఏదంటే డబ్బా వెతికాడు, దొరకలేదు.

కొత్తది వేరే ఊరి నుంచి తెప్పించి, ప్యాకింగు రబ్బరుతో సహా వేయించాను. ఎందుకైనా మంచిదని రేడియేటర్ మూత కూడా మార్చమన్నా.

వోల్టు_మీటర్ (తణుకు)

మూత మార్చడం మంచి పని. అది చిన్న కుక్కరు లాంటిది. 1 బార్ ఒత్తిడి నిలిపితే ఉత్త నీళ్ళు కూడా 120 దగ్గర గానీ మరగవు. మూత స్ప్రింగు చచ్చిందంటే 100కే పొంగు. పాత గొట్టం చీలడానికి కారణం మాత్రం ఈ మూత కాకపోవచ్చు, తొమ్మిదేళ్ళ రబ్బరు అది.

వాల్వ్ వేశాక లోపల గాలి తీయించారా? గాలి బుడగ సెన్సరు దగ్గర ఆగితే మీటరు తైతక్కలాడుతుంది.

వశిష్ఠ_ఒడ్డు

తీయించానండి. మొదటి రోజు 92, 84, 95 అని ఎగిరింది, రెండోసారి గాలి తీశాక కుదురుకుంది.

రొయ్యల_చెరువు గారి మాట విని వారం రోజులు పుస్తకంలో రాశాను. పాలకొల్లు, భీమవరం మధ్య 86, 87. హైవే మీద 80 స్పీడులో 86. ఏసీ వేసి ట్రాఫిక్‌లో నిలబడితే 96 దాకా ఎక్కి, ఫ్యాను తిరగ్గానే 91కి దిగుతోంది. వోల్టేజీ నడుస్తుంటే 14.1, పొద్దున తాళం తిప్పగానే 12.5. అలారం 105కి పెట్టాను.

నిన్న రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళొచ్చాం, ఐదుగురం, డిక్కీ నిండా సామాను. ఘాట్ మలుపుల్లో రెండో గేరు మీద ఎక్కుతుంటే 98 చూశాను. వెనక సీట్లోంచి మా అమ్మాయి క్రికెట్ స్కోరు చెప్పినట్టు "తొంభై ఏడు... తొంభై ఎనిమిది... తొంభై ఏడు" అని అరుస్తుంటే మా ఆవిడ "ఆ గోల ఆపకపోతే మీటరు పీకేస్తాను" అంది. నాన్నగారు బానెట్ ముట్టుకోవడం మానేశారు. కాకపోతే దారి పొడవునా నా వైపు ఒంగి మీటరు చూస్తూ కూర్చున్నారు, ఎడమ అద్దం కనబడనివ్వలేదు.

పాత_అంబాసిడర్ (నరసాపురం)

సరే బాబూ, ఒప్పుకున్నాను. నా మనవడి బండికి వాల్వ్ ఉందో లేదో చూడమంటాను.

అమలాపురం_టీచర్

మీ కథ చదివి అరలోంచి అడాప్టర్ తీశానండీ. ఇవాళ రావులపాలెం దాకా వెళ్తూ చూశాను. నాది 69. మా మెకానిక్కు కూడా కిందటేడు అదే మాట అన్నాడు, ఇంక వేడెక్కదు మేడమ్ అని.

ఏపీ37_డీజిల్

రేపు పొద్దున చల్లటి ఇంజిన్ మీద గొట్టం పట్టుకుని చూసి రాయండి టీచర్ గారూ. వేరే ఎవరినైనా లోపల కూర్చోబెట్టి అంకెలు చదివించండి.